లైను బాబాయ్ ఇటుక

ఏ ఇటుక? వీధి తలుపుకి అడ్డం పెడతానే, అదా? దాని సంగతి ఇప్పుడెందుకొచ్చిందిరా నీకు? ఆఁ, పొద్దున్న బయల్దేరేటప్పుడు కాలి వేలికి కొట్టుకున్నావు కదూ. చూసుకుని నడవాలి మరి. కళ్ళు ఫోన్లో పెట్టి, కాళ్ళని వాటి ఖర్మానికి వదిలేస్తే ఇటుకేం చేస్తుంది? మీ అమ్మమ్మ కూడా ఒకటే పోరు, ఎన్నేళ్ళ నుంచో, దాన్ని అవతల పారేసి తలుపుకో కొక్కెం పెట్టించండి మహానుభావా అని. నా బొందిలో ప్రాణం ఉండగా పారేయనివ్వను. దానికో కథ ఉంది. చెప్తాను, ఎలాగూ కూర్చోవాలి కదా. ఎంతవరకూ వచ్చింది ఆ బోర్డు మీద? ముప్పై ఒకటా? మన చీటీ యాభై ఎనిమిది. అబ్బో. ఇక్కడ కౌంటర్లో నీ ఫ్రెండెవడో ఉన్నాడన్నావు, వాడితో ఏమైనా మాట్లాడావా? మాట్లాడావూ. ఏమన్నాడు? చూస్తానన్నాడా. సరేలే, తొందరేం లేదు. నేను తొందరపెట్టే మనిషిని కాదు. ఊరికే అడిగాను.

ఈ హాలు చూడు ఒకసారి. నలభై మంది ఉంటారు. ఒక్కడంటే ఒక్కడు పక్కవాడి మొహం చూశాడా? ఆ మిషను నోట్లోంచి చీటీ ఊడిపడుతుంది, అది పట్టుకుని కుర్చీలో కూలబడటం, అంతే. నీ ముందెవరు, వెనకెవరు, వాళ్ళ జబ్బేంటి, పిల్లలెంతమంది, ఏమైనా తెలుసా? మా రోజుల్లో డాక్టరు గది దాకా వెళ్ళేలోపే సగం మంది నీ జబ్బేంటో పట్టేసేవాళ్ళు, మిగతా సగం మంది మందు చెప్పేసేవాళ్ళు. పాపం డాక్టరుకి మిగిలేది సంతకం ఒక్కటే. ఇప్పుడు అదిగో ఆ కుర్రాడు, చెవుల్లో ఏవో గుచ్చుకుని తనలో తనే నవ్వుతున్నాడు. ఇదివరకు అలా నవ్వితే ఇంట్లోవాళ్ళు రెక్కలు పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కొచ్చేవాళ్ళు. వీడు శ్రమ లేకుండా తనే వచ్చి కూర్చున్నాడు. ఇందాక నీలం చొక్కా ఆయన్ని చూశావా? చీటీ లేదు, గీటీ లేదు, సరాసరి లోపలికి వెళ్ళిపోయాడు. తెలిసినవాళ్ళట. సిగ్గూ ఎగ్గూ లేకుండా పోయింది లోకానికి. ఆయనక్కూడా నీ ఫ్రెండే చెప్పాడేమో కనుక్కో. ఎంతసేపు పట్టిందో కూడా అడుగు.

లైను బాబాయ్ ఉండుంటే ఆ నీలం చొక్కాని ఆ గుమ్మంలోనే ఆపేసేవాడు. గట్టిగా అరిచి కాదు, ఆయన గొంతు పక్కింటికి కూడా వినపడదు. బక్కపలచటి మనిషి, జేబులో సుద్దముక్క, వేళ్ళకి ఎప్పుడూ నల్లసిరా. మాకు చుట్టమేం కాదు. మా వీధి చివరింట్లో ఉండేవాడు, పిల్లలం అందరం బాబాయ్ అనేవాళ్ళం. లైన్ల పిచ్చి కాబట్టి లైను బాబాయ్. ప్రింటింగ్ ప్రెస్సులో కంపోజిటరు. అదేంటో నీకు తెలీదులే. సీసంతో పోసిన అక్షరాలు అరల్లో ఉండేవి, వాటిని ఒక్కొక్కటే ఏరి, తిరగేసి, పక్కపక్కన పేర్చాలి. పొద్దస్తమానం నిలబడే ఉద్యోగం. ఒక అక్షరం పక్కదాన్ని తోసుకుని ముందుకొచ్చిందో, రేపు పేపర్లో ఎవరి పరువు పోతుందో చెప్పలేం. అందుకేనేమో ఆయనకి ఎక్కడ నలుగురు గుంపుగా కనపడినా చేతులు దురద పెట్టేవి. మంగలి షాపులో, బస్సు దగ్గర, కుళాయి దగ్గర, ఆఖరికి ఎవరైనా పోతే చూడ్డానికొచ్చిన వాళ్ళని కూడా, ఇటు నుంచి వచ్చి అటు వెళ్ళండి బాబూ అని నిలబెట్టేసేవాడు. ఇంట్లో పిల్లలు నలుగురూ స్నానానికి పెద్దోడి నుంచి చిన్నోడి దాకా తువ్వాళ్ళు భుజాన వేసుకుని నిలబడేవాళ్ళు. ఒకసారి ఆఖరోడు నిలబడే నిద్రపోయాడు. పిన్ని తలబాదుకునేది, ఈయన్ని కట్టుకున్న దగ్గర్నుంచి నా ఇంట్లో నేనే ఐదో నంబరైపోయానని.

ఆ, ఇటుక సంగతి కదూ. వస్తున్నా. మా ఊరికి అప్పుడు డాక్టరు ఒక్కడే. పొద్దున ఇంటి దగ్గర ఇరవై మందిని చూసేవాడు, ఇరవై అంటే ఇరవై, ఆ తర్వాత బండెక్కి పెద్దాసుపత్రికి వెళ్ళిపోయేవాడు. దాంతో జనం తెల్లారగట్లే వచ్చి నిలబడేవాళ్ళు. జబ్బు మనిషి ఎంతసేపని నిలబడతాడు? డాక్టరు ఇంటి పక్కన ఎవరో కట్టుబడి మొదలెట్టి మధ్యలో వదిలేసిన ఇటుకల కుప్ప ఉండేది. వచ్చినవాళ్ళు ఒక ఇటుక తీసి వరసలో పెట్టి, ఇంటికెళ్ళి పడుకునేవాళ్ళు. ఇటుక ఉందంటే మనిషి ఉన్నట్టే. బాబాయ్ ప్రెస్సుకి వెళ్తూ అటు వచ్చి, ప్రతి ఇటుక మీదా సుద్దతో నంబరు, దాని కింద పేరులో మొదటి అక్షరం రాసేవాడు. ఎవరు చెప్పారా పని ఆయనకి? ఎవరూ చెప్పలేదు. జీతమా, బత్తెమా? ఓసారి ఊరి చైర్మనంతటివాడు కారు దిగి గుమ్మం ఎక్కబోయాడు. బాబాయ్ నెమ్మదిగా అడ్డొచ్చి, ఇటుక పెట్టారాండీ అన్నాడు. ఆయన మీసం దువ్వి, నేనెవరో తెలుసా అన్నాడు. బాబాయ్ వరస ఒకసారి చూసుకుని, తెలుసండీ, మీరు పదిహేనో వారు అన్నాడు. నిజంగా చెప్తున్నాను, చైర్మన్ తన చేత్తో ఇటుక మోసి పెట్టాడు. పెట్టాక బాబాయ్ దాన్ని తిన్నగా సర్దాడు కూడా.

అలాంటి మనుషులుండేవాళ్ళు. ఇప్పుడెవరున్నారు? అలాగని మమ్మల్ని మెచ్చుకునేవాడు అనుకుంటున్నావేమో. మేమంటే ఆయనకి ఒళ్ళు మంట. మీ తరానికి మోకాళ్ళు లేవురా, పది నిమిషాలు నిలబడమంటే గోడకి జారబడతారు, లోకం పాడైపోయింది, మా నాన్న రోజుల్లో మనుషులు ఇలా లేరు అనేవాడు. మేం వెనక నవ్వుకునేవాళ్ళం. ఏంటి నవ్వుతున్నావు? నాకు తెలుసు నేను ఎందుకొచ్చానో. మోకాలికే వచ్చాను. అది వేరు.

ఏదీ, నంబరు మారిందా? ఇంకా ముప్పై ఒకటేనా? లోపల జబ్బు చూస్తున్నారా, జాతకం చూస్తున్నారా?

చెప్తా, చెప్తా. నాకప్పుడు నీ వయసే ఉంటుంది. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. నేనూ ఇంకో ఇద్దరు ప్రబుద్ధులూ కలిసి ఆఫీసు ఎగ్గొట్టి పక్క టౌనుకి సినిమాకి వెళ్ళాం. ఒకే సినిమా, మూడు రోజుల్లో నాలుగు ఆటలు. తిరిగొచ్చేసరికి హెడ్ క్లర్కు కబురు పెట్టాడు, శనివారం మధ్యాహ్నంలోగా డాక్టరు సర్టిఫికెట్ తేకపోతే మెమో ఇస్తానని. జ్వరం అని రాయించుకోవాలి. నాకా, గుండ్రాయిలా ఉన్నాను. శనివారం ముసురు పట్టింది, లేవబుద్ధి కాలేదు, ఆలస్యంగా వెళ్ళాను. నేను ఇటుక పెట్టేసరికి బాబాయ్ నంబర్లు వేస్తున్నాడు. ఆయన ఇటుక కూడా ఉంది వరసలో. పంతొమ్మిదో చోట పెట్టుకుంటే, ఎవరో పసిపిల్లని ఎత్తుకుని ఒకావిడ వచ్చిందట, ఆవిడకి ఆ చోటిచ్చి ఈయన ఇరవైకి జరిగాడు. నా ఇటుక మీద ఇరవై ఒకటి అని రాశాడు. రాసి, సోమవారం పెందరాళే రా నాన్నా, ఇవాళ ఇరవైతో సరి అన్నాడు. దగ్గుతున్నాడు. నేను పట్టించుకోలేదు. ప్రెస్సులో ఏదో పని అప్పజెప్పి గంటలో వస్తానని వెళ్ళిపోయాడు.

ఆ గంటలో అక్కడ ఎవరూ లేరు. అందరూ ఇళ్ళకి పోయారు. నేనూ, ఇరవై ఒక్క ఇటుకలూ. ఇంకేముంది, చొక్కా చేత్తో రెండు నంబర్లూ తుడిచేశాను. నా దగ్గర సుద్ద లేదు. గోడ మీద సున్నం పెచ్చు ఊడదీసి, నా అక్షరం మీద ఇరవై, ఆయన అక్షరం మీద ఇరవై ఒకటి రాసి, ఇటుకలు అటుది ఇటూ ఇటుది అటూ మార్చేశాను. అరనిమిషం పని. ఎవరూ చూడలేదు.

నువ్వలా చూడకు. ఇది మీ అమ్మమ్మకి కూడా చెప్పలేదు.

గంటలో వస్తానన్న బాబాయ్ బాగా పొద్దెక్కాక వచ్చాడు. పంతొమ్మిదో ఆవిడ లోపల ఉంది, తర్వాత నేను. ఆయన వంగి ఇటుక చూశాడు. పొద్దస్తమానం అక్షరాల్లో బతికే మనిషి, తన చేతిరాత కాదని ఆ మాత్రం తెలీదా? నా చొక్కా చెయ్యి చూశాడు, ఇంత తెల్లగా ఉంది. ఇక అయిపోయింది, ఊరంతా టముకు వేస్తాడు అనుకున్నాను. ఏమన్నాడో తెలుసా? నీకు ఒంట్లో బాగాలేదా నాన్నా, ముందే చెప్పకపోయావా అన్నాడు. నేను జ్వరం అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది. ఆయన నా నుదుటి మీద చెయ్యి వేశాడు. ఎవర్నీ ముట్టుకునే మనిషి కాదురా. ఆ చెయ్యి కాలిపోతోంది. నా నుదురు చల్లగా ఉంది, ఆయన చెయ్యి పెనంలా ఉంది, అది నాకు తెలుస్తోంది, ఆయనకీ తెలిసే ఉంటుంది. పద, నువ్వు లోపలికి వెళ్ళు, జ్వరం వచ్చినవాణ్ణి నిలబెట్టకూడదు అన్నాడు. నేను తల దించుకుని, నేలకేసి చూస్తూ లోపలికి వెళ్ళిపోయాను. డాక్టరు నా నాడి పట్టుకుని ముసిముసిగా నవ్వాడు. మా నాన్న తెలుసాయనకి. మూడు రోజుల జ్వరం రాసిచ్చేశాడు. బయటికొచ్చేసరికి బాబాయ్ లేడు. వాన పడుతోంది. తన ఇటుక తీసి కుప్పలో పెట్టేసి మరీ వెళ్ళాడు, వరసలో వదిలేయకుండా.

మర్నాడు ఆదివారం, డాక్టరు చూడడు. సోమవారం నేను అటు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే ఏం చెప్పను, ఊరికే, ఆయన లోపలికి వెళ్ళాడో లేదో చూద్దామని. ఆయన లేడు, ఇటుక ఉంది. తెల్లారకుండానే వచ్చి పెట్టి వెళ్ళాడట. ఏడో నంబరు. అక్షరం ఆయనదే, వణికిపోయింది. మిగతా ఇటుకల మీద నంబర్లు లేవు, అన్నీ రాసే ఓపిక లేకపోయిందేమో. ఒక్కో మనిషి లోపలికి వెళ్తుంటే, వెనకాల వాళ్ళు వంగి ఆయన ఇటుకని చేత్తో ముందుకు జరిపేవాళ్ళు. కాలితో కాదు. అలా జరిపి జరిపి గుమ్మం దాకా తెచ్చారు. కాంపౌండరు, తర్వాత ఎవరండీ అని కేకేశాడు. ఎవరూ కదల్లేదు. ఎనిమిదో మనిషి చెవిపోటుతో గిలగిల్లాడుతున్నాడు, అయినా ఇటుక దాటడే. లైను బాబాయ్‌దండీ, వచ్చేస్తాడు అంటాడు. కాంపౌండరు విసుక్కున్నాడు, ఇటుకకి మందెక్కించనా అన్నాడు. ఎవరూ నవ్వలేదు. చివరికి డాక్టరే బయటికొచ్చాడు. అందరూ ఆ ఇటుక చుట్టూ నిలబడి ఉండగా ప్రెస్సు మనిషి సైకిలు మీద వచ్చాడు. అరగంట క్రితం పోయాడని చెప్పాడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందట.

చాలాసేపటికి ఆ చెవిపోటు ఆయన లోపలికి వెళ్ళాడు. ఇటుక మీంచి దాటి కాదు, పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్ళాడు. అందరూ అలాగే వెళ్ళారు ఆ రోజు. అందరూ వెళ్ళిపోయాక నేను దాన్ని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. సుద్ద ఎప్పుడో చెరిగిపోయింది. ఆర్నెల్లు తిరిగేసరికి డాక్టరు ఇంటి ముందు గుంపు, తోపులాట, ఒకర్నొకరు తిట్టుకోవడం. ఏం జనంరా బాబూ, ఎంత పాడైపోయారో చూడు అని అందరితో పాటు నేనూ అన్నాను. అందరికంటే గట్టిగా అన్నాను. వయసైపోయిన మనిషి, ఎలాగూ ఉండేవాడు కాదులే అన్నారు ఊళ్ళో. వయసెంతనుకున్నావు, యాభై రెండు. శనివారం చూపించుకుని ఉంటే బతికేవాడా అని డాక్టర్ని అడుగుదామని ఎన్నిసార్లో గుమ్మం దాకా వెళ్ళాను. అడగలేకపోయాను. భయమేసింది. తర్వాత ఆ డాక్టరూ పోయాడు.

ఏంటి, ఏమైంది? యాభై ఎనిమిదా? ముప్పై ఒకటి పక్కన యాభై ఎనిమిది ఎలా వస్తుందిరా? ఓహో. నీ ఫ్రెండా. అదిగో చెయ్యి ఊపుతున్నాడు. ఆగు, ఆ మూల శాలువా కప్పుకున్నావిడ లేచింది చూడు. ముప్పై రెండు ఆవిడదై ఉంటుంది. బోర్డు చూస్తోంది, మళ్ళీ చీటీ చూసుకుంటోంది. తనే తప్పు చదివాననుకుంటోంది పాపం. కళ్ళజోడు తుడుచుకుంటోంది. ఏం చేద్దామంటావు? మళ్ళీ ఇంకో గంట... ఈ మోకాలితో... సరే, ఆ చెయ్యి ఇలా ఇవ్వు. నెమ్మదిగా. ఆవిడ వైపు చూడకు, నేలకేసి చూస్తూ నడు. ఏమంటోందిరా ఆవిడ? పెద్దాయన, నొప్పితో ఉన్నట్టున్నాడు, ముందు వెళ్ళనివ్వండి అంటోందా?

ఏం లేదు. మోకాలు పట్టేసింది, అంతే. తలుపు తియ్యి.