కొలతలకు వచ్చిన అమ్మాయి

"టైలరు వస్తాడనుకున్నాం. నువ్వొక్కదానివే వచ్చావా అమ్మాయ్?"

"ఆడవాళ్ల కొలతలు నేనే తీసుకుంటానండి. మా మేడం పంపించారు."

"చిన్నపిల్లలా ఉన్నావే. పనిలో చేరి ఎన్నాళ్లయింది?"

"జూన్‌లో చేరానండి. పనంటే పూర్తిగా పని కాదండి, ఇంటర్న్‌షిప్పు. చదువుకుంటూ చేస్తున్నాను."

"పొద్దున్న చదువు, సాయంత్రం కొట్టు. రెండూ ఎలా కుదురుతాయమ్మా?"

"కుదుర్చుకోవాలండి."

"ఇంతకీ ఏం చదువు?"

"ఫ్యాషన్ డిజైనింగండి."

"అలాగా. మా అమ్మాయీ అదే చదివింది, రాజమండ్రిలోనే. ఆఖరి సంవత్సరంలో మానేసిందిలే. ఉండు, పిలుస్తాను."

పెద్దావిడ లోపలికి వెళ్లింది. సత్యకుమారి చేతిలోని టేపు చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది. దుర్గాశ్రీ చదువు మానేసిందన్న మాట వినడం ఆమెకు అదే మొదలు.

రెండేళ్లకు పైగా ఇద్దరిదీ హాస్టల్లో ఒకటే గది. వినాయక చవితి సెలవులకని నిడదవోలు వెళ్లిన దుర్గాశ్రీ కార్తీకం వచ్చినా తిరిగి రాలేదు. హాస్టల్ మెట్ల కింద ఉన్న కాయిన్ బాక్సు నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా ఎవరిదో మగగొంతు, ఇంట్లో లేదమ్మా అని పెట్టేసేది. సత్యకుమారి ఆ రెండు ముక్కల చుట్టూ ఒక కథ అల్లుకుంది. ఆస్తిపరుల ఇల్లు కాబట్టి మంచి సంబంధం వచ్చి ఉంటుంది, పిల్లకు ఇష్టం లేకపోయినా గదిలో కూర్చోబెట్టి ఉంటారు. రాత్రుళ్లు ఎదుటి మంచం వైపు చూస్తూ ఆ కథకు రోజుకో ముక్క కలిపేది. వార్డెన్ ఆ మంచానికి వేరే అమ్మాయిని పంపిస్తానంటే, వచ్చేస్తుందండి, సామానంతా ఇక్కడే ఉందండి అని ఆపింది. వారానికోసారి ఆ దుప్పటి దులిపి మళ్లీ పరిచేది. మెస్సులో ఎదురుగా ఎవరూ లేకుండా తినడం, తిన్న కంచం కడుక్కుని పైకి రావడం, గదిలో లైటు తనే వేసుకోవడం ఆమెకు ఎంతకీ అలవాటు కాలేదు.

అందుకే మొన్న బొటీక్‌లో నాగదుర్గ మేడం ఫోన్ పెట్టేసి, నిడదవోలు రైసుమిల్లు వాళ్లింట్లో పెళ్లికూతురికి జాకెట్లట, పేరు దుర్గాశ్రీ అట, టైలర్ మాస్టర్‌ని పంపుదామన్నప్పుడు సత్యకుమారి అడ్డం పడింది. నేను వెళ్తాను మేడం అంది. మాస్టర్ వెళ్తే షాపులో కటింగులు ఆగిపోతాయని కూడా అంది. శనివారం డ్రేపింగ్ క్లాసు ఎగ్గొట్టి పొద్దున్న పాసింజరు ఎక్కింది. గోదావరి వంతెన మీద బండి నెమ్మదిగా పోతుంటే, ఏ మాట ముందు చెప్పాలో, ఎవరైనా అడ్డం వస్తే ఏమనాలో మనసులోనే ఒకటికి రెండుసార్లు చెప్పుకుంది.

సార్వా ధాన్యం మిల్లుకు చేరుతున్న రోజులు. ఇంటి వెనకనే మిల్లు ఆడుతోంది. గది కిటికీ ఊచల మీద సన్నగా ఊక దుమ్ము పేరుకుని ఉంది. లోపలి నుంచి దుర్గాశ్రీ వచ్చింది.

"రండి. ఎండలో వచ్చారు. మంచినీళ్లు తాగుతారా?"

ఒసే, ఏమే అన్న పిలుపులు తప్ప ఇంకోటి ఎరగని మనిషి రండి అంది. పెద్దావిడ పక్కనే ఉందని భయపడుతోంది కాబోలనుకుంది సత్యకుమారి. తానూ అలాగే మాట్లాడింది.

"వద్దండి. కొలతలు మొదలుపెడదామా?"

"మీ ఇష్టం."

"ఇలా వెలుతురులోకి రండి. చేతులు కొంచెం ఎత్తండి."

"పెళ్లి మార్గశిరంలోనమ్మాయ్," అంది పెద్దావిడ మాణిక్యాంబ, మంచం మీద కూర్చుంటూ. "వాళ్లమ్మ పట్టుచీరలకని తణుకు వెళ్లింది. జాకెట్లకి మాత్రం ఇది మీ కొట్టే కావాలని కూర్చుంది. ఇక్కడ కుట్టేవాళ్లు లేరా అంటే వినదే."

సత్యకుమారి చేతిలో టేపు ఒక్క క్షణం ఆగింది. మీ కొట్టే కావాలంది. అంటే తనను రమ్మనే కదా కబురు. తను అనుకున్నదంతా నిజమేనన్నమాట.

"బాగా చిక్కిపోయారండి."

"నువ్వు ముందెప్పుడు చూశావు దాన్ని?" అంది మాణిక్యాంబ.

"చూడలేదండి. వేసుకున్న జాకెట్టు వదులుగా ఉంటేను."

"మీదే ఊరమ్మా?"

"యానాం దిగువనండి, సముద్రం పక్కన. మా నాన్న వేటకి వెళ్తారు."

"వేటంటే చేపలవేటా? మరి ఈ చదువులోకి ఎలా వచ్చావు?"

"ఇష్టపడి వచ్చానండి."

"ఇదీ ఇష్టపడే వెళ్లింది. చిన్నప్పుడు వాళ్లమ్మ చీరలు కత్తిరించి బొమ్మలకి గౌనులు..."

"పెద్దమ్మా, కొలతలు తీసుకోనీ."

"తీసుకోనీ, నేనేమన్నాను? కాఫీ తెస్తానుండండి."

ఆవిడ అడుగుల చప్పుడు వంటింటి వైపు వెళ్లిపోయేదాకా ఇద్దరూ కదల్లేదు.

"తలుపు దగ్గరికెయ్యనా?" అంది సత్యకుమారి.

"ఎందుకు?"

"వినపడుతుందేమో."

"వినపడితే ఏమవుతుంది?"

"ఒసే, టైము లేదు. ముందు నేను చెప్పేది విను. నీ పేరు కాలేజీ రిజిస్టర్లోంచి తియ్యలేదు. జానకిరామ్ సారుకి నీకు అమ్మవారు పోసిందని చెప్పాను."

"ఇన్నాళ్లా?"

"తరవాత పచ్చకామెర్లని చెప్పాను. సారు నమ్మారో లేదో తెలీదు, పేరైతే ఉంచారు. జ్యూరీ వాళ్లొచ్చి మార్కులేసేది డిసెంబరు ఆఖర్లో. మనిద్దరం కలిసి చెయ్యాల్సిన డ్రెస్సుల్లో నీ వంతు కూడా నేనే కుట్టేశాను. నర్సాపురం లేసు నువ్వు గీసినట్టే వేశాను. మెడ దగ్గర మాత్రం నీ బొమ్మ నాకు అర్థం కాలేదు. అక్కడ కుట్టకుండా వదిలేశాను. నువ్వొచ్చి చెబితే చాలు."

"నా వంతు నువ్వు కుట్టావా?"

"మరి ఎవరు కుడతారు?"

"ఎప్పుడు కుట్టావు?"

"ఆదివారాలు. మామూలు రోజుల్లో షాపు నుంచి వచ్చాక."

"షాపు నుంచి వచ్చాక నీకు ఓపిక ఉంటోందా?"

"నువ్వు లేవుగా. ఆ గదిలో ఊరికే కూర్చోలేక."

దుర్గాశ్రీ నవ్విందో లేదో తెలియనట్టు నవ్వింది. టేపు చివర ఇంకా ఆమె భుజం మీదే ఉంది. దాన్ని తనే తీసి సత్యకుమారి చేతిలో పెట్టింది.

"చేతుల పొడవు తీసుకో. పెద్దమ్మ వచ్చేస్తుంది."

"చేతుల పొడవుకేం తొందర. నిజం చెప్పు. బలవంతంగా చేస్తున్నారా? మా మేడానికి తెలిసిన లాయరు గారున్నారు. అంతదాకా ఎందుకు, సాయంత్రం బండికి నాతో వచ్చెయ్యి. పుస్తకం తెచ్చుకుంటానని చెప్పి స్టేషనుకి..."

"ఎవరూ బలవంతం చెయ్యలేదే."

"ఆవిడ లేదుగా. నాకు చెప్పు."

"నీకే చెబుతున్నాను. పెద్దమ్మ వద్దంది. చదువు పూర్తి కానీవే, తరవాత చూద్దామని ఒకటే పోరింది. నాన్నా అదే అన్నాడు. సంబంధం చూడమని నేనే అడిగాను."

మిల్లు ఆగింది. అప్పటిదాకా ఆ చప్పుడు ఉందని కూడా సత్యకుమారికి పట్టలేదు. ఆగేసరికి గదిలో తన ఊపిరి తనకే పెద్దగా వినపడింది.

"నేను ఫోన్ చేస్తే లేవన్నారు."

"నేనే అనమన్నాను."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

"నేనేం చేశానే?"

"నువ్వేం చెయ్యలేదు."

"మరి నన్ను మీరు, రండి అంటావేంటి?"

"ఇన్నాళ్ల తరవాత ఎలా పిలవాలో తెలియలేదు. నోటికి అదే వచ్చింది."

సత్యకుమారి మంచం అంచున కూర్చుంది. బండిలో పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ ఇక్కడ పనికొచ్చేది కాదు. ఏదో ఒకటి అడగాలని, అబ్బాయి ఏం చేస్తాడంది.

"కాకినాడలో ఎరువుల డీలరు. రోజూ రాత్రి ఫోన్ చేస్తాడు. ఏం తిన్నావని అడుగుతాడు."

"ఇంకా?"

"అంతే. దొండకాయ వేపుడు, చారు అని చెబుతాను. చారు ఎలా పెట్టారంటాడు. అదీ చెబుతాను. మొత్తం వింటాడు."

"దానికే పెళ్లి చేసుకుంటావా?"

"నవ్వుతావని తెలుసు."

"నేను నవ్వట్లేదు."

నవ్వడం లేదు. ఆమెకు జూన్ నెల గుర్తొచ్చింది. ఆ బొటీక్‌లో ఇంటర్న్‌షిప్పుకి ఇద్దరూ పేర్లిచ్చారు. మేడం ఒక్కరినే తీసుకుంటానంది, సత్యకుమారిని తీసుకుంది. మొదటిరోజు తనకు చుడీదారు ఇస్త్రీ చేసిచ్చింది దుర్గాశ్రీయే. ఆ తరవాత మధ్యాహ్నం దాకా క్లాసు, అక్కడి నుంచి షాపు, పెళ్లిళ్ల రోజులైతే వీధులన్నీ సద్దుమణిగాక హాస్టలు. మూతపెట్టి ఉంచిన కంచం బల్ల మీద ఉండేది. తినేసి, రేపటి షీట్లు గీసుకోవడమో, షాపు నుంచి తెచ్చిన పని చేసుకోవడమో, అలాగే పక్క మీద ఒరిగిపోవడమో. ఆ రోజుల్ని తలచుకుంటే ఇంత కష్టం ఎలా పడ్డానా అనుకునేది సత్యకుమారి. ఆ కంచం మీద మూతపెట్టిన మనిషి పొద్దున్నుంచి ఎవరితో ఏం మాట్లాడిందో ఎప్పుడూ అడగలేదు. ఈ సంగతి ఇప్పుడే, ఈ మంచం అంచున కూర్చున్నాకే తోచింది.

మాణిక్యాంబ కాఫీ గ్లాసులతో వచ్చింది.

"అయిపోయాయా? అదేంటమ్మాయ్, కళ్లు అలా ఉన్నాయేంటి?"

"ఊక పడిందండి."

"సత్య అంటే ఇదే పెద్దమ్మా," అంది దుర్గాశ్రీ. "నా రూమ్మేటు."

"ఈ అమ్మాయా? ముందే చెప్పరేమే ఇద్దరూ. నేను ఊరూ పేరూ అడుగుతూ కూర్చున్నాను. ఏమనుకోకమ్మా, ఇది ఎప్పుడు సెలవులకొచ్చినా నీ కబుర్లే. సత్య అలా గీస్తుంది, సత్య ఇలా నవ్వుతుందని. భోంచేసి వెళుదువుగాని. బియ్యం కడుగుతాను."

"వద్దండి, బండి ఉంది."

"బండ్లు సాయంత్రం దాకా ఉంటాయి. కూర్చో."

ఆవిడ మళ్లీ వెళ్లింది. సత్యకుమారి లేచి, చేతుల పొడవు తీసుకుంది, మోచేతి చుట్టు తీసుకుంది, ఒక్కొక్క అంకే కాగితం మీద వేసుకుంది. రెండో ఏడు ప్యాటర్న్ క్లాసు కోసం ఇదే చేతిని కొలిచినప్పుడు ఇద్దరూ చక్కిలిగిలికి పడి పడి నవ్వారు. ఇప్పుడు దుర్గాశ్రీ చెయ్యి కదలకుండా ఉంది. వీపు మెడ ఎంత లోతు ఉంచమంటావని అడిగితే, నీకు తోచినంత అంది.

"జ్యూరీకి రావా?"

"రాను. ఆ డ్రెస్సులు నీ పేరు మీదే పెట్టుకో. మెడ దగ్గర ఏమీ లేకపోయినా బాగుంటాయిలే."

"నాకొక్క మాట చెప్పాల్సింది," అంది సత్యకుమారి. "వెళ్లేముందు ఒక్క మాట. ఇక్కడ ఉండలేకపోతున్నానే అంటే నేను షాపు మానేసేదాన్ని. ఒట్టు. ఒక్కమాట కూడా చెప్పకుండా వచ్చేశావు."

దుర్గాశ్రీ ఆమె వైపు తిరిగింది. వచ్చిన దగ్గర నుంచి అంత నేరుగా చూడడం అదే మొదటిసారి.

"ఆ షాపే కావాలని అందుకే పట్టుబట్టాను. నువ్వే వస్తావని తెలుసు. ఒకటి అడుగుదామని."

"అడుగు."

"నీకు నిజంగా గుర్తులేదా?"

"ఏంటి?"

"చవితికి ముందురోజు. నువ్వు ఎవరిదో జాకెట్టుకి హుక్కులు కుడుతున్నావు. నీ పక్కనొచ్చి కూర్చున్నాను. నాకిక్కడ రోజంతా మాట్లాడే దిక్కు లేదు సత్యా, ఇంటికెళ్లి పెళ్లి చేసేసుకోమంటావా అని అడిగాను. వినలేదేమోనని రెండోసారి కూడా అడిగాను."

"నేనేమన్నాను?"

"రెండుసార్లూ ఊఁ అన్నావు."