నువ్వు పడుకో
ఉప్పలగుప్తంలో శారోన్ పుట్టిల్లు. ఆమెకు కూతురు పుట్టి నలభై రోజులైంది. మధ్యాహ్నం, అన్నయ్య భార్య ప్రశాంతి చంటిదాన్ని భుజాన వేసుకుని నడుస్తోంది.

“మళ్ళీ లేచేవేంటి శారోన్? చంటిది పడుకున్నప్పుడే నువ్వూ పడుకోమని నర్సమ్మగారు చెప్పలేదా?”

“ఆయ్, చెప్పేరు. నిద్ర ఎలా పడతాదో మాత్రం చెప్పలేదు వదినా.”

“కళ్ళు మూసుకో, అదే పడతాది.”

“మూసుకుంటే మీ అడుగులు వినబడతాయి. ఇక్కణ్ణుంచి అరుగు దాకా, మళ్ళీ వెనక్కి. అది కిక్కురుమనదు. ఇలా ఇచ్చెయ్యండి దాన్ని.”

“ఇప్పుడే కునుకు పట్టింది. నీ దగ్గరికొస్తే...”

“చెప్పండి. నా దగ్గరికొస్తే?”

“నువ్వు గాభరాగా ఎత్తుకుంటావు. అంతే.”

“అందరూ చెప్పినవన్నీ చేసేను. పాలు పడతాయని అన్నయ్య ఓడలరేవు నుంచి తెచ్చిన పాలసొర చేప పులుసు తిన్నాను. చెవుల్లో దూది పెట్టుకున్నాను. ఊపమంటే ఊపేను, పాడమంటే పాడేను. పాలు పడ్డాయి, అదొక్కటే జరిగింది. తాగుతాది, మొహం తిప్పుకుని ఏడుస్తాది. మీరు ఎత్తుకోగానే ఊరుకుంటాది. పాలకి నేనూ, నిద్రకి మీరూనా?”

“చంటిపిల్లకేం తెలుసు?”

“ఏమీ తెలీకుండానే మిమ్మల్ని ఎంచుకుంది కదా, అదీ నా ఏడుపు.”

“నువ్వు పడుకో శారోన్.”

“ఆదివారం ప్రార్థన అయ్యేక గుడి దగ్గర కరుణ పిన్నిగారు ఏమన్నారో విన్నారా?”

“వదిలెయ్.”

“‘అచ్చం ప్రశాంతి కూతురిలా అతుక్కుపోయింది’ అన్నారు. మీరు కాదనలేదు. నవ్వేరు.”

“నవ్వేనా?”

“నవ్వేరు. నాకు కడుపు మండిపోయింది. తొమ్మిదేళ్ళుగా పిల్లల కోసం చూస్తున్న మనిషి మీద మండకూడదని తెలుసు. అయినా మండింది.”

“మండనీ. నాకూ మండింది. నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు దీన్ని నా చేతిలో పెట్టి స్నానానికెళ్ళేవు. నువ్వొచ్చేదాకా గుక్కపట్టి ఏడిచింది. నా దగ్గర ఉండనంది.”

“మరిప్పుడెలా ఉంటంది?”

“పడుకో అన్నానా...”

“మీరేదో చేస్తున్నారు. నాకూ నేర్పండి. సిగ్గు విడిచి అడుగుతున్నాను.”

“అడక్కు.”

“వదినా.”

“నా పైట కింద చూడు. అది నువ్వు విప్పిన నైటీ. రోజూ ఒకటి ఉతక్కుండా దాచుకుంటున్నాను. ఇది నీ వాసనకి పడుకుంటంది శారోన్. నాకు కాదు.”