మనుషుల్ని తూచిన మా వదిన

అమ్మలారా, అయ్యలారా, మా అన్నయ్యతో కలిసి సముద్రం మీద పనిచేసిన పాత మిత్రులారా!

పనులు మానుకుని వచ్చారు. కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డారు. మా వదిన ఉంటే, "ఇంతమంది ఎక్కితే ఏ హెలికాప్టరూ లేవదు, సగం మంది దిగండి" అనేది. అనడానికి ఆవిడ లేదు.

ఆవిడ ఉద్యోగం మీకు తెలుసు. సముద్రంలోని చమురు బావుల మీదికి వెళ్ళేవాళ్ళను హెలికాప్టర్ ఎక్కే ముందు సంచులతో సహా తూకం వేయడం. సెలవు నుంచి వచ్చినవాణ్ణి కాటా ఎక్కించి, "అత్తారింట్లో బాగా మేపినట్టున్నారే!" అనేది. వారాల తరబడి నేల కనబడని చోటికి వెళ్ళేవాడు కూడా నవ్వుతూ వెళ్ళేవాడు. ఒక ఉదయం మా అన్నయ్యనూ అలాగే తూచి పంపింది. ఆ సాయంత్రం గ్యాస్ లీకై, సముద్రంలో వాళ్ళు పనిచేసే ప్లాట్‌ఫారం అంటుకుంది. కొందరి శవాలు దొరికాయి. అన్నయ్యది దొరకలేదు.

కంపెనీ ఏమంది? వాల్వు తప్పుగా తిప్పింది మా అన్నయ్యేనంది. చచ్చినవాడు ఎదురు చెప్పడు కదా! ఆ పాత వాల్వు మార్చండి మొర్రో అని మొత్తుకున్నవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. ఆనాడు మీ మాట ఎవరు విన్నారు? పరామర్శకు వచ్చిన మేనేజరు పూలగుచ్ఛం ఇవ్వబోతే వదిన చెయ్యి చాచలేదు. "మా ఆయన వల్లే అంటుకుందని ఊరంతా చెబుతున్నారుగా. అలాంటివాడికి పూలెందుకండీ? పట్టుకుపోండి" అంది.

మళ్ళీ కాటా దగ్గరికే పనికి వెళ్ళింది. మానెయ్యమన్నాను. "నువ్వు కాకపోతే ఇంకొకడు తూస్తాడు వదినా" అన్నాను. "ఆ ఇంకొకడు పెద్దవాళ్ళకు భయపడితేనో, మరిదీ?" అంది.

ఆవిడ భయపడలేదు. ఒకసారి పెద్దసారు పెట్టెలతో దిగాడు. బరువు మించింది. ఒక వెల్డర్ని దింపేసి తన పెట్టెలు ఎక్కించమన్నాడు. "ఇతను వెళితేనే అక్కడొకడు ఇంటికి బయల్దేరతాడు. మీ పెట్టెల కోసం అక్కడెవరూ ఎదురు చూడట్లేదు సార్" అంది. పెట్టెలే దిగాయి. వారం తిరక్కుండా ఆవిడను బట్టలుతికే షెడ్డుకు మార్చారు. నూనె మరకలు ఉతుకుతూనే రిటైరైంది.

ఇప్పుడు బావులు ఎండిపోయాయి. లాడ్జీలకు తాళాలు పడ్డాయి. హెలిప్యాడ్ మీద గడ్డి మొలిచింది. మొన్నామధ్య కొత్త కంపెనీవాళ్ళు సభ పెట్టి, రేపటి మన ఊరు ఇదీ అంటూ తెర మీద బొమ్మ చూపించారు. నీళ్ళలో గాలిమరలు, ఒడ్డున పిల్లల పార్కు. కాలి కూలిన ప్లాట్‌ఫారాన్ని మాత్రం సముద్రం అడుగునే వదిలేస్తారట. తీస్తే ఖర్చట! అప్పటికే ఆయాసపడుతున్న వదిన నా భుజం పట్టుకుని లేచింది. "బొమ్మ బాగుంది బాబూ. ఇందులో మా ఆయన ఎక్కడున్నాడో కాస్త వేలు పెట్టి చూపించు" అంది. బొమ్మ చూపిస్తున్న అబ్బాయి తెర ఆపేశాడు. టీ తాగి రండి అన్నారు.

పోయిన గురువారం ఆసుపత్రిలో ఆవిడ ప్రాణం పోయింది. గుండె జబ్బన్నారు. కావచ్చు.

కొత్త కంపెనీ తరఫున వచ్చినవారు మొదటి వరుసలో కూర్చున్నారు. సంతాప సందేశం చదువుతారట. సందేశం వద్దండీ. ఆ శిథిలాలు పైకి తీస్తాం, మీ వాళ్ళను వెతుకుతాం అని ఒక్క మాట చెప్పండి. ఇదిగో, మైకు ఇస్తున్నాను.

చెప్పరా?

అయితే మీరు కూర్చోండి. మిగిలినవాళ్ళం లేద్దాం. మా వదిన కోసం, రెండు నిమిషాలు, పెదవి విప్పకుండా.