మనుషుల వరసలకు కాపలా కాసిన మార్లీన్ గారు

1994 సెప్టెంబరు పన్నెండున శ్రీమతి మార్లీన్ డెస్జార్లే గారు థాంప్సన్‌లోని మన ఉత్తర మండల సహాయ కార్యాలయంలో టెలిఫోన్ గుమాస్తాగా చేరారు. కార్చిచ్చు రేగినా, నది పొంగినా, ఊళ్లు విడిచి వచ్చినవారి వివరాలను ఆ రోజుల్లో కాగితాలపై రాసి విన్నిపెగ్‌లోని ప్రధాన కార్యాలయానికి ఫ్యాక్సు చేసేవారు. ఇక్కడి ఆదివాసుల క్రీ భాషలో ధారాళంగా మాట్లాడే ఆమె గొంతు వినగానే బెదిరిపోయిన వృద్ధులు సైతం కుదుటపడేవారు.

పదోన్నతులు ఆలస్యంగానే లభించినా, కాలక్రమంలో తరలింపు విభాగం యావత్తూ ఆమె పర్యవేక్షణలోకి వచ్చింది. కాగితాల స్థానంలో అందరూ ఏకకాలంలో రాయగల ఆన్‌లైన్ స్ప్రెడ్‌షీటును ప్రవేశపెట్టినవారూ ఆమే.

మూడేళ్ల క్రితం ఆ షీటు నింపడానికి ఏఐ ఏజెంటు వచ్చింది. సందేశాలనూ, బస్సుల సమాచారాన్నీ చదివి తనంత తానే మనిషికో వరస, వస్తువుకో వరస చొప్పున రాసే సాధనమది. దానికి సర్వాధికారాలూ ఇవ్వాలని డైరెక్టరు ట్రెవర్ నాటియుక్ గారు భావించారు. మార్లీన్ గారు ససేమిరా అన్నారు. ఏజెంటు తన ప్రతిపాదనను కారణంతో సహా వేరే షీటులో రాయాలి. అసలు షీటులో ఒక్క గడి మారాలన్నా, ఒక్క వరస పోవాలన్నా మనిషి చూసి ఆమోదించాలి. ఈ కట్టడిని చూసి విసుక్కున్నవారు లేకపోలేదు. ఒకసారి దుప్పట్ల సంఖ్య ఆమోదం కోసం ఆగిపోయి లారీయే ఆలస్యమైంది. ట్రెవర్ గారు నిలదీస్తే ఆమె పొరపాటు ఒప్పుకున్నారు.

“సరే, దుప్పట్ల దగ్గర దాన్ని నేరుగా రాసుకోనివ్వండి. దుప్పటి తప్పిపోతే ఇంకోటి తెప్పించుకుంటాం. మనుషుల వరసల జోలికి మాత్రం రానివ్వను” అన్నారు.

గత జూన్‌లో మన మండలంలోని పెద్ద సరస్సుకు ఉత్తరాన అడవి అంటుకుంది. తరలింపు షీటులో ఆగ్నెస్ లింక్‌లేటర్ అనే పేరు రెండు వరసల్లో పడింది. ఊరూ ఒకటే, ఇల్లూ ఒకటే. మొదటి వరసలో విన్నిపెగ్ చేరినట్టు, రెండో వరసలో ఇంకా రానట్టు ఉంది. ఇద్దరూ ఒకరేననీ, రెండో వరస తీసేయాలనీ ఏజెంటు ప్రతిపాదించింది. ఎవరికైనా సబబుగానే తోచే మాట. వెతకడానికి పడవలు చాలక సతమతమవుతున్న ట్రెవర్ గారు కూడా ఒప్పేసుకోమన్నారు. మార్లీన్ గారు ఆమోదించకుండా విన్నిపెగ్ శిబిరానికి ఫోన్ చేసి, ఆ ఆగ్నెస్ గారినే పిలిపించారు. ఆ పెద్దావిడ జవాబు స్పీకర్లో మేమంతా విన్నాం.

“నేను వచ్చేశానమ్మా. మా ఇంట్లోనే ఉండే మా తమ్ముడి కూతురికీ నా పేరే పెట్టారు. అది వలలు తీయడానికి దీవికెళ్లింది. ఇంకా రాలేదా?”

ట్రెవర్ గారు వెంటనే రేడియో అందుకుని పడవను పంపించారు. పొగలో దారి తోచక దీవిలో చిక్కుకున్న చిన్న ఆగ్నెస్ గారు సాయంత్రానికి క్షేమంగా ఒడ్డు చేరారు. మేము చప్పట్లు కొడుతుంటే మార్లీన్ గారు కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చారు. అంతటి ధైర్యశాలి కంట నీరు చూడడం మాకదే ప్రథమం. ఆనక కళ్లు తుడుచుకుని, ఆ రెండో వరసలో ‘చేరారు’ అని స్వయంగా రాశారు.

“ఆరోజు మీరు నా మాట వినలేదు కాబట్టి సరిపోయింది” అని ట్రెవర్ గారు తరవాత అందరి ఎదుటా అన్నారు. ఆమె పెట్టిన కట్టడే నేడు మండలమంతటా నియమమైంది.

ఈ నెలాఖరున విశ్రాంత జీవితంలో అడుగిడుతున్న మార్లీన్ గారు, రాబోయే వేసవులను భర్త గిల్బర్ట్ గారితో సరస్సు ఒడ్డున చేపలు వేపుకుంటూ నిశ్చింతగా గడపాలనీ, మోకాళ్ల నొప్పి నెమ్మదించి, మనవరాలి పెళ్లిలో ఫిడేలుకు తగ్గట్టు చిందేసేంత ఆరోగ్యంతో, ఆ మనవరాలి బిడ్డలనూ ఒళ్లో ఆడించేంత ఆయుష్షుతో వర్ధిల్లాలనీ మనసారా ఆకాంక్షిస్తున్నాము.