మూడో సీసా

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. రాత్రి పట్టిన ముసురు ఇంకా విడవలేదు. నీటి పరీక్షశాల తలుపుకు లోపల గడియ పడింది. పంపుహౌస్ అధికారి ఇనుప పానాతో బల్లమీది సీసాలు రెండూ బద్దలు కొట్టి, పరీక్షలు చేసే మరదలి కుడిచేతిని అదే బల్లకు అదిమిపెట్టాడు.

"ఆ రిపోర్టు చించెయ్. బయటికెళ్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"చించితే నీళ్లలో మురుగు పోతుందా బావా?"

పానా దిగింది. రెండు వేళ్లు విరిగిన చప్పుడు ఆమెకు నొప్పికంటే ముందే వినిపించింది.

"మీ అక్క ముఖం చూసి రెండింటితో ఆపాను."

"అక్క ముఖం చూసుంటే, మీ పాపకి వాంతులెందుకో అడిగుండేవారు."

"నోరు ముయ్. సీసాలు లేవు, సాక్ష్యమూ లేదు."

"ప్రతి నమూనా మూడు సీసాల్లో పట్టాలి. మా పరీక్షకుల సంఘం రూలు. మూడోది పొద్దున్నే సంఘంవాళ్లు పట్టుకెళ్లారు. వేరే ఊళ్లో ఇంకో సభ్యుడు పరీక్షిస్తాడు."

"టీలు తాగి ఫొటోలు దిగే సంఘమేగా మీది."

"టీలూ తాగుతాం."

"ఎవడా సభ్యుడు?"

"మాకు చెప్పరు. నిరుడు ఒకాయన్ని ఇలాగే చావబాది పేరు కక్కించారు. అప్పట్నుంచీ చెప్పడం మానేశారు."

అతను నమ్మలేదు. మూడో వేలూ విరిచాడు, నాలుగోదీ విరిచాడు. చెప్పడానికి ఆమె దగ్గర నిజంగానే పేరు లేదు.

ఎనిమిదో రోజున మూడో సీసా ఫలితం వచ్చింది. నెల తిరిగేలోగా మురుగుకాలువలోంచి పోయే మంచినీటి గొట్టాలన్నీ తవ్వి మార్చారు. తొమ్మిదేళ్ల తర్వాత కూడా ఆమె ఆ చేత్తో కలం పట్టలేకపోయింది.