దర్జీ అక్క సాక్ష్యం

యుద్ధకాలంలో ఆమె శత్రువుల బట్టలుతుకుతూ, జేబుల్లో దొరికిన కాగితాలు దర్జీ అక్కకు చేరవేసేది. ఆ సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి, ఆ దర్జీ అక్క, ఇప్పుడు మతి తప్పి ఆసుపత్రి మంచం మీద ఉంది.

“నన్ను గుర్తుపట్టావా అక్కా?”

“లేదమ్మా. బట్టలు కుట్టుకునేదాన్ని, నాకెవరు తెలుస్తారు?”

“చొక్కా కాలర్లో కాగితాలు పెట్టి తెచ్చేదాన్ని.”

“కాలర్లో కాగితమా? ఉతికితే ముద్దయిపోదూ? పనిరాని మాటలు.”

“ఊరంతా నన్ను ద్రోహి అంటోందక్కా. నీతో కలిసి పనిచేశానని ఇక్కడొక సంతకం పెట్టు, చాలు.”

దర్జీ అక్క ఆమెను తేరిపార చూసింది.

“ఈ మనిషిని నేనెప్పుడూ చూడలేదు. గోళ్లు పీకినా ఇదే చెబుతాను.”

దర్జీ అక్క కుడిచేతి వేళ్లకు గోళ్లు మళ్లీ మొలవలేదు.

“ఎవరు పీకారక్కా?”

“ఏమో, గుర్తులేదు.”

“ఆ శత్రువులు నన్ను నీ ఎదురుగా నిలబెట్టి, నేనెవరని నిన్ను అడిగారు. అప్పుడూ ఇదే మాటన్నావు. అందుకే బతికున్నాను.”

“నువ్వెవరో నాకు తెలియదన్నానుగా. ఎన్నిసార్లు అడుగుతావు?”

ఆమె సంతకం లేని కాగితాన్ని మడిచి, ఆ వేళ్లను కళ్లకద్దుకుంది.

“ఇంక అడగనులే. ఊరు ఏమైనా అనుకోనీ, నువ్వు మాత్రం చెప్పకు అక్కా.”