ఎర్మెస్ గోడ దాటిన వైనం

"కోతలని మీరంటే నేనేం చెయ్యలేను గానీ, నేను నీళ్ళలోకి దిగింది మాత్రం వట్టి కాళ్ళు తడుపుకుందామనే," అని మొదలుపెట్టాడు ఎర్మెస్.

ఎర్మెస్ మా కార్నియా కొండల్లో చెక్కమిల్లు రంపాలకు పదును పెడతాడు. యాభై దాటినా పెళ్ళి కాలేదు. నోర్మా హోటలు అరుగు మీద వైన్ గ్లాసు పట్టుకుని కూర్చుని, మాకు చెబుతున్నట్టే చెబుతూ, లోపల గ్లాసులు తుడుస్తున్న నోర్మాకి వినబడేలా గొంతు పెంచుతున్నాడు. నోర్మా భర్త పోయి చాలా కాలమైంది. సముద్రం చూసి ఏళ్ళయింది, వచ్చే ఆదివారం హోటలు మూసేసి ట్రియెస్తె పోతాను అని ఆమె అన్న మర్నాడే, ఎర్మెస్ మిల్లుకి సెలవు పెట్టి ట్రియెస్తె బస్సెక్కాడు. నిన్ననే తిరిగొచ్చాడు. ఆదివారం ఆమె వెంట తనే వెళ్ళాలి, అదీ వాడి తాపత్రయం.

"అక్కడొక స్నానాల రేవుందిలే, మధ్యలో పేద్ద గోడ. ఇటు మగాళ్ళు, అటు ఆడాళ్ళు. ఆ గోడ గులకరాళ్ళ మీదుగా పోయి పోయి నీళ్ళలోకి దిగి ఆగుతుంది. నేనిటు దిగి ఊరికే, ఒళ్ళు విరుచుకోడానికి, నాలుగు బారలు వేశాను. తల తిప్పి చూద్దును కదా, దీపస్తంభం ఎప్పుడో వెనకబడిపోయింది!"

"నీకు ఈతెప్పుడొచ్చిందిరా?" అన్నాడు గిల్దో. మిల్లులో ఎర్మెస్ పక్కనే వాడి పని. "వాగులో చెప్పు కొట్టుకుపోతే నన్ను దింపినవాడివి నువ్వు."

"ఆ వాగు నా ఈతకి చాలదురా పిచ్చివాడా! కాలు జాపితే అవతలి గట్టు తగుల్తుంది. సరే విను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బోరా లేచింది."

"ఆగస్టులోనా? అది చలికాలం గాలి కదరా!"

"మామూలు బోరా చలికాలమే వస్తుంది. ఇది వేరు. గొడుగులు లేచాయి, కుర్చీలు లేచాయి, పేకాడుతున్న నలుగురు ముసలాళ్ళు బల్లతో సహా పైకి లేచి, గాల్లోనే ఆట ముగించుకుని దిగారు. నేనో గొడుగు కర్ర పట్టుకున్నాను. అది నన్నెత్తుకుపోయి గోడ మీదుగా ఎక్కడ దించిందనుకున్నారు? సరిగ్గా ఆడాళ్ళవైపు! నేను కళ్ళు మూసుకునే ఉన్నాను, ఒట్టు."

నోర్మా గుడ్డ చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. "కళ్ళు మూసుకునే ఉన్నావా?"

"నీ మీదొట్టు నోర్మా! కానీ చెవులు మూసుకోలేదుగా. రక్షించండి, రక్షించండి అని కేక. పోనీ ప్రాణం కదా అని ఒక్క కన్ను తెరిచాను. ఎవరో పెద్దింటి దొరసాని, మునిగిపోతోంది."

"దొరసానని నీకెలా తెలుసు? నీళ్ళలో కిరీటం పెట్టుకుందా?" అన్నాడు గిల్దో.

"కిరీటం కాదురా, టోపీ. రబ్బరు టోపీ, దాని నిండా తెల్లపూలు. అలాంటివి నీలాంటి, నాలాంటి వాళ్ళు పెట్టుకుంటారా?"

"తెల్లపూలా?" అంది నోర్మా.

"తెల్లపూలే. గడ్డం కింద నీలం బొత్తాం. ఆవిడ కాలు పట్టుకుని లాగుతోంది ఆక్టోపస్. తల మన చర్చి గంటంత ఉంది! నేను మునిగి దాని చెయ్యి కసుక్కున కొరికాను. అందుకే చూడండి, ముందుపళ్ళు రెండూ పోయాయి."

"అవి ఈస్టరుకి ఎండురొట్టె కొరికితే పోయాయి కదరా!"

"ఇవి మళ్ళీ పోయాయి! మధ్యలో అడ్డు రాకు. దాని ఇంకో చెయ్యేమో ఓ పెద్ద ఓడ లంగరుని పట్టుకుని ఉంది. నాకేం తెలుసు? ఈ చేత్తో దొరసానిని, ఆ చేత్తో ఆక్టోపస్‌ని పట్టుకుని ఒడ్డుకి లాగుతుంటే ఓడ కూడా వెనకాలే వచ్చేసింది. రేవు దాటింది, రోడ్డెక్కింది, పెద్ద కూడలిలో కాఫీ హోటలు ముందు ఆగింది. సర్వరు వచ్చి కెప్టెన్‌ని, ఏం తీసుకుంటారు సార్ అని అడిగాడు! మేయరుగారు నా విగ్రహం పెట్టిస్తానని అక్కడికక్కడే కొలతలు తీయించారు. ఛాతీ దగ్గర టేపు చాల్లేదు."

అరుగంతా నవ్వులు. ఎర్మెస్ మటుకు నవ్వలేదు. గ్లాసు చేతిలో తిప్పుతూ గొంతు తగ్గించాడు.

"అంచేత నోర్మా, ఆ ఊళ్ళో నన్నెరగనివాడు లేడు. ఆదివారం నువ్వెలాగూ పోతున్నావు. నేను తోడుంటే నీకు ఏ లోటూ రాదు. ఏమంటావు?"

అందరం నోర్మా వైపు తిరిగాం, గిల్దోతో సహా.

నోర్మా గుడ్డ భుజాన వేసుకుంది. "ఆ టోపీ నేనే కొనిచ్చాను ఎర్మెస్. మా యోలాండ పిన్నికి. ఎనభై దాటాయి, ఇప్పటికీ రోజూ ఆ గోడకి అటువైపు ఈదుతుంది."

ఎర్మెస్ గ్లాసు కింద పెట్టేశాడు. "నీకు ట్రియెస్తెలో పిన్ని ఉందా?"

"ఉంది. చెబుదామంటే నన్నెప్పుడు నోరు తెరవనిచ్చావు? మొన్న ఫోన్ చేసింది. గోడ అవతల ఎవరో దూడలా అరుస్తున్నాడట. అక్కడి మగాళ్ళేమో ఎవడో పాడుతున్నాడనుకుని పేకాట వదల్లేదట. పిన్ని గోడ చివరి దాకా ఈది, చుట్టూ తిరిగి వచ్చి చూస్తే నువ్వు! నడుం లోతు నీళ్ళు. కాలికి నాచు చుట్టుకుంటే, ఆక్టోపస్ బాబోయ్ అని ఒకటే గోల. చెవి పట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చిందట."

గిల్దో పొట్ట పట్టుకుని బల్ల మీద వాలిపోయాడు. "ఒరేయ్, మరి ఓడ ఏదిరా? ఓడ!"

ఎర్మెస్ చెవులు ఎర్రగా కందిపోయాయి. "అంతేనా ఆవిడ చెప్పింది?" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"ఇంకోటి కూడా చెప్పింది. గజగజ వణుకుతూ ఆవిడ చేతులు పట్టుకున్నావట. మా ఊళ్ళో నోర్మా అని ఒకావిడ ఉంది, ఆదివారం సముద్రానికి వస్తుంది, ఆమె ముందు పరువు పోకూడదని ముందుగా ఈత నేర్చుకుందామని వచ్చాను, ఇదంతా ఆమెకి మాత్రం తెలియనివ్వకండి అని బతిమాలావట."

గిల్దో నవ్వు ఆపేశాడు. ఎర్మెస్ టోపీ తీసుకుని లేచాడు. వాణ్ణి చూస్తే మాకందరికీ జాలేసింది.

"కూర్చో," అంది నోర్మా. వాడి గ్లాసులో వైన్ పోసింది. "నాకోసం ఇంతవరకూ ఎవరూ మునగలేదు, నడుం లోతులోనైనా. ఆదివారం పొద్దున్నే బస్సు దగ్గరికి రా. పిన్ని కూడా నిన్ను తీసుకురమ్మంది. కానీ స్నానానికి మాత్రం ఆ గోడ ఉన్న రేవుకే పోదాం."

ఎర్మెస్ మొహం వెలిగి, అంతలోనే సందేహంలో పడింది. "అక్కడెందుకు నోర్మా? నువ్వటు, నేనిటు ఉండాలి కదా!"

"అందుకే," అంది నోర్మా. "ఒక్క గంటైనా నన్నూ పిన్నినీ మాట్లాడుకోనీ."